పాతకీ కొత్తకీ ఒకే కమాను

మాట వరసకి ఒక సన్నివేశం అనుకుందాం. తెర మీద తల్లి కన్ను మూసింది. పట్నం నుంచి పరుగెత్తుకొచ్చిన కొడుకు గుమ్మంలోనే ఆగిపోయాడు. డైలాగు లేదు, ఏడుపు లేదు. అయినా హాల్లో కూర్చున్న మీకు గొంతు పట్టేసింది. ఎందుకంటారు? హీరోగారి నటన వల్ల అంటారు. కాదనడానికి నేనెవర్ని! కానీ ఆ నటనకి కింద, బాగా కింద, మగవాడు పెదవి బిగబట్టి లోపల్లోపల ఏడ్చినట్టు ఒక మూలుగు వినిపించి వుంటుంది. దాన్ని విన్న సంగతి కూడా మీకు తెలిసి వుండదు. ఆ మూలుగు పేరు సెల్లో.

ఇరవై ఏళ్లపాటు మద్రాసు స్టూడియోల్లో ఆ మూలుగు మూలిగిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. టైటిల్స్‌లో మా పేర్లు పడవు. పడనందుకు బాధ కూడా లేదు. భోజనం బాగుంటే వంటవాడి పేరు ఎవరడుగుతారు? అయితే ఈ నాలుగు మాటలూ నా గురించి రాసుకోవడానికి కాదు. జాఁ-గియెన్ కేరాస్ అని ఒక సెల్లో విద్వాంసుడున్నారు. మన నోటికి పట్టని పేరే, ఒప్పుకుంటాను. కానీ ఆయన వాయించిన తీరు నా వాయిద్యం మీద నాకే కొత్త చూపునిచ్చింది. ఇంతకాలానికి ఒక కుర్రాడి చదువు విషయంలో అది అక్కరకి వచ్చింది కూడా. ఆ ముచ్చట చెప్పడానికే ఇదంతా.

సెల్లో అంటే ఏమిటో ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వయొలిన్‌కి పెద్దన్న. కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, అడ్డంగా కమాను లాగాలి. నాలుగు తీగలు. అన్నిటికన్నా మందపు తీగ మీటితే గుడి మండపంలో ఎవరో మాట్లాడినట్టు వుంటుంది. సన్నతీగ మీద పైకి పోతే ఆడగొంతు దాకా వెళ్తుంది. ఆర్కెస్ట్రాలో అది ఇంటికి పునాది లాంటిది. పునాదిని చూసి ముచ్చటపడేవాళ్లు లేరు, అది లేని ఇంట్లో వుండేవాళ్లూ లేరు.

నేను విజయనగరం దగ్గర పల్లెలో ఫిడేలు నేర్చుకుని 1977లో మద్రాసు రైలెక్కాను. గ్రూప్ వయొలిన్స్‌లో వెనక వరస దొరికింది. సెల్లో వాయించేవాళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ అని గమనించి, ఒక గోవా మాస్టారి దగ్గర రెండేళ్లు నేర్చుకుని కుర్చీ మార్చాను.

రీ-రికార్డింగు ఎలా జరిగేదో ఈ పత్రిక పాఠకులకి కొత్తగా చెప్పక్కర్లేదు. రీలు తెర మీద నడుస్తుంది. సంగీత దర్శకుడు చూస్తాడు, రాస్తాడు. కాగితాలు ఎవరివి వాళ్లకి పంచుతారు. ఒకటో రెండో రిహార్సల్స్, ఆ పైన టేక్. నలభై మందిలో ఒక్కడు తప్పు వాయిస్తే నలభై మందీ మళ్లీ మొదటికి రావాలి. ఆ కాగితం మీద స్వరాలుండేవి. ఎలా వాయించాలో మాత్రం వుండేది కాదు. "మాస్టారూ, ఇక్కడ కాస్త జాలి వెయ్యండి" అని అసిస్టెంటు చెవిలో చెప్పి వెళ్లేవాడు. జాలి ఎన్ని తులాలు వెయ్యాలో మా చేతికే తెలియాలి!

1990లు సగం దాటేసరికి తీగ వాద్యాలన్నీ కీబోర్డులోకి వచ్చి కూర్చున్నాయి. నలభై మంది చేసే పని ఒకడు, రెండు చేతులతో, ఏసీ గదిలో చెయ్యగలిగాడు. నిర్మాత డబ్బు నిర్మాతది. నేనెవర్నీ ఏమీ అనను. 1998 తర్వాత మా ఇంట్లో ఫోను మోగడం దాదాపు మానేసింది. హైదరాబాదు వచ్చేసి పిల్లలకి ఫిడేలు పాఠాలు చెప్పుకుంటూ వుండిపోయాను. సెల్లో పెట్టెలోనే వుండేది. ఉగాదికోసారి తీసి తుడిచి, తీగలు కాస్త వదులు చేసి మళ్లీ పెట్టేవాణ్ణి.

మా అమ్మాయి కాపురం జర్మనీలో. 2008లో సెలవులకి వస్తూ ఒక సీడీ పట్టుకొచ్చింది. "నాన్నా, ఇది నీ వాయిద్యమే" అంది. బాఖ్ రాసిన ఆరు సెల్లో సూట్లు. వాయించింది కేరాస్. 2007లో వచ్చిన రికార్డింగు అది.

మొదటి సూట్ మొదలైంది. ఒక్క సెల్లో, పక్కన ఇంకేమీ లేదు. తాళం లేదు, తంబురా లేదు, వెనక నలభై మంది లేరు. రెండు నిమిషాల పైచిలుకులో ముందుమాట అయిపోయింది. తర్వాత వచ్చినవన్నీ నాట్యాలు! అవును మరి, బాఖ్ సూట్ అంటేనే ఒక ప్రెలూడ్, దాని వెనక అలమాండ్, కూరాంట్, సారబాండ్ అంటూ వరసగా నాట్యగతులు. ఇరవై ఏళ్లు నన్ను ఏడవమనే అడిగారు. ఈయన అదే వాయిద్యాన్ని గజ్జెకట్టి ఆడిస్తున్నాడు. కమాను తీగ మీద వాలడం, లేవడం, మధ్యలో గాలి పీల్చుకోవడం అన్నీ వినిపిస్తున్నాయి. జాలి ఒక్క తులం కూడా వెయ్యలేదు. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి.

మర్నాడు మా అమ్మాయి ఇంకోటి పెట్టింది. లిగెటి రాసిన సెల్లో కచేరీ, ఆర్కెస్ట్రాతో. 1966లో రాసింది. లిగెటి పేరు మీకు కొత్తగా అనిపించవచ్చు కానీ ఆయన సంగీతం మీలో చాలామంది విన్నదే. స్టాన్లీ కుబ్రిక్ తీసిన "2001: ఎ స్పేస్ ఒడిస్సీ" (1968)లో ఆ నల్లరాయి ముందు గొంతులన్నీ కలిసి హోరెత్తుతాయే, అది లిగెటిదే. ఈ కచేరీ అలా హోరెత్తదు. అసలు మొదలైందో లేదో కూడా తెలియదు! మెల్లగా వాయించమనడానికి పాశ్చాత్యులు "పి" అక్షరం వేస్తారు. ఇంకా మెల్లగా అంటే రెండు, మరీ మెల్లగా అంటే మూడు. లిగెటి ఇక్కడ ఎనిమిది వేశాడు. ఒకే ఒక్క స్వరం, శూన్యంలోంచి ఆవిరి లేచినట్టు రావాలి. కమాను తీగని తాకిందో తాకలేదో వాయించేవాడికే తెలియకూడదు. టేప్ రికార్డరు పాడైందేమోనని నేను దగ్గరికి వెళ్లి చెవి పెట్టాను. ఉంది, స్వరం ఉంది!

"ఇదెవరమ్మా?" అన్నాను.

"నిన్నటాయనే నాన్నా" అంది.

అప్పుడు పట్టుకుంది నాకు కుతూహలం. మూడు వందల ఏళ్ల కిందటి నాట్యాలు అంత సొగసుగా ఆడించిన చెయ్యి, నిన్న మొన్నటి ఈ ఆవిరిని ఎలా పట్టింది? మనలో పాత పాటలు పాడేవాళ్లు వేరు, కొత్త పాటలు పాడేవాళ్లు వేరు అని ఒక గోడ వుంది. అక్కడ ఆ గోడ ఇంకా ఎత్తు. పాతవాళ్లకి ప్రత్యేకం బృందాలు, పండగలు, కాలేజీలు. కొత్తవాళ్లకీ అంతే. ఈయన గోడ మీద కాదు, రెండు ఇళ్లలోనూ కాపరం వున్నాడు!

కేరాస్ 1967లో కెనడాలోని మాంట్రియల్‌లో పుట్టారు. చిన్నతనం కొంత అల్జీరియాలో, ఆ తర్వాత ఫ్రాన్స్‌లో గడిచింది. లియోన్, ఫ్రైబుర్గ్, న్యూయార్క్‌లలో చదువు. 1990లో పారిస్‌లోని ఎన్సాంబ్ల్ ఇంతర్‌కాంతెంపొరేన్‌లో చేరి 2001 వరకు వున్నారు. పేరు నోరు తిరగదు కానీ పని సులువుగా చెప్పొచ్చు. 1976లో పియెర్ బూలెజ్ అనే సంగీతకర్త స్థాపించిన బృందం అది. ఈ కాలపు సంగీతం వాయించడమే దాని ఉద్యోగం. ముప్ఫై ఒక్కమంది, ప్రతి ఒక్కరూ ఒంటరిగా కచేరీ ఇవ్వగల విద్వాంసులు. నేను విన్న లిగెటి రికార్డింగు ఆ బృందానిదే, కండక్టరు బూలెజ్. ఇంకోటి విన్నాను, బూలెజ్ 1976లో రాసిన "మెసాజెస్కీస్". నడిమధ్య ఒక సెల్లో, చుట్టూ ఆరు సెల్లోలు. ఏడు సెల్లోలు తప్ప ఇంకేమీ లేవు! మా స్టూడియో రోజుల్లో నలుగురు సెల్లోవాళ్లం ఒకచోట చేరితేనే తిరునాళ్లలా వుండేది. 2002లో బూలెజ్‌కి కెనడావాళ్లు గ్లెన్ గూల్డ్ బహుమతి ఇచ్చారు. దాంతోపాటు ఒక చిన్నవాణ్ణి ఎంచి వేరే బహుమతి ఇచ్చే హక్కు కూడా వచ్చింది. బూలెజ్ ఎంచుకున్నది కేరాస్‌ని.

ఇదంతా కొత్త ఇంట్లో సంగతి. మరి పాత ఇల్లో?

పాత సంగీతం పాతలాగే వాయించాలన్న ఉద్యమం ఒకటి యూరప్‌లో ఎప్పట్నుంచో నడుస్తోంది. మన భాషలో చెప్పాలంటే ఇలా. 1951లో వచ్చిన "పాతాళభైరవి" పాటని ఇవాళ మళ్లీ పాడతారు. వెనక డ్రమ్సు, సింథసైజరు, హోరు. పాట అదే, కానీ అది కాదు. ఎవరో ఒక పిచ్చివాడు లేచి "ఆనాడు ఏ వాయిద్యాలున్నాయి? మైకు ఎక్కడ పెట్టారు? ఎంతమంది వాయించారు? అలా వాయించి చూద్దాం" అంటాడు. అలాంటి పిచ్చివాళ్లు అక్కడ చాలామంది పుట్టారు. విచిత్రమేమిటంటే, వాళ్లలో ముఖ్యులిద్దరు మా సెల్లోవాళ్లే. వియన్నాలో హార్నన్‌కోర్ట్, హాలెండ్‌లో అనర్ బైల్స్‌మా. హార్నన్‌కోర్ట్ పెద్ద ఆర్కెస్ట్రాలో సెల్లో ఉద్యోగం చేస్తూనే 1953లో పాత వాయిద్యాల బృందం కట్టాడు. బైల్స్‌మా ఆమ్‌స్టర్‌డామ్‌లో పేరున్న కన్సర్ట్‌గెబౌ ఆర్కెస్ట్రాలో 1968 వరకు ముందు కుర్చీలో కూర్చున్నవాడు. 1979లో బాఖ్ సూట్లని పాతకాలపు పద్ధతిలో రికార్డు చేశాడు.

పాత పద్ధతి అంటే ఏమిటి? తీగలు ఉక్కువి కావు, గొర్రె పేగువి. సెల్లో అడుగున నేల మీద ఆనించే ఇనప చువ్వ వుండదు. రెండు పిక్కల మధ్య బిగించి పట్టుకోవాలి. కమాను పుల్ల ఇవాళ్టిలా లోపలికి వంగి వుండదు, విల్లులా బయటికి వంగి వుంటుంది. శ్రుతి కూడా దాదాపు అర స్వరం కిందికి. పేగు తీగల సంగతి మృదంగం వాయించేవాళ్లని అడగండి, చర్మం సంగతి వాళ్లకి తెలుసు. ఒక మబ్బు పడినా, ఒక లైటు వెలిగినా శ్రుతి మారిపోతుంది. అయితే ఆ తీగ మాట్లాడుతుంది. ఉక్కుతీగ పాడుతుంది, పేగుతీగ మాట్లాడుతుంది. అంతే తేడా.

కేరాస్ ఈ ఇంట్లోనూ సొంత మనిషిలానే తిరిగారు. ఫ్రైబుర్గ్ బరోక్ ఆర్కెస్ట్రాతో హైడెన్ కచేరీలు 2004లో, బెర్లిన్‌లోని పాత సంగీత అకాడమీ బృందంతో వివాల్డీ కచేరీలు 2011లో వచ్చాయి. 1696లో ఇటలీలో జియోఫ్రెడో కప్పా అనే పనివాడు చేసిన సెల్లో మీద ఆయన ఏళ్ల తరబడి వాయించారు. ఆ చెక్క చెక్కేనాటికి బాఖ్ ఇంకా పదకొండేళ్ల పిల్లవాడు. అదే చెక్క మీద, తడి ఆరని సిరాతో వచ్చిన కొత్త కాగితాలు కూడా మోగాయి.

ఇప్పుడు నాకు తోచింది చెబుతాను. పండితులు ఒప్పుకోకపోతే నా మద్రాసు ఇరవై ఏళ్లనీ సాక్ష్యం పిలుస్తాను.

బాఖ్ సూట్లు 1720 ప్రాంతంలో రాశాడంటారు. ఆయన చేతిరాత ప్రతి మనకి దక్కలేదు. వున్నవన్నీ ఇతరులు చేసిన నకళ్లు. వాటిలో ముఖ్యమైనది ఆయన రెండో భార్య అన్నా మాగ్డలేనా రాసింది. ఆ నకలులో స్వరాలు సరిగానే వున్నాయి. కానీ కమాను ఎక్కడ తిప్పాలి, ఎన్ని స్వరాలు ఒక్క లాగులో లాగాలి అని చెప్పే గీతలున్నాయి చూడండి, అవి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో తేలదు. ఒకచోట మూడు స్వరాల మీద వున్న గీత, అదే సంగతి మళ్లీ వచ్చినప్పుడు నాలుగింటి మీద వుంటుంది. కాబట్టి ప్రతివాడూ తేల్చుకోవలసిందే. 1890లో పదమూడేళ్ల పాబ్లో కసాల్స్ బార్సిలోనాలో ఒక పాత పుస్తకాల కొట్లో ఈ సూట్ల అచ్చు ప్రతి చూశాడు. అప్పటికి అవి వేళ్ల కసరత్తుకి పనికొచ్చే పాఠాలని లోకం లెక్క. ఆయన వాటిని 1936 నుంచి 1939 వరకు రికార్డు చేసేదాకా మామూలు శ్రోతకి వీటి సంగతే తెలియదు.

ఇలాంటి కాగితం ముందు పెట్టుకున్న వాద్యకారుడికి రెండు ప్రమాదాలు. ఒకటి, గురువు చెప్పిన అలవాటు ప్రకారం వాయించుకుపోవడం. రెండోది, కాగితాన్ని శిలాశాసనంలా పూజించడం. ఈ రెండూ పోవాలంటే ఒకటే మందు. బతికున్న సంగీతకర్త పక్కన నిలబడి కొన్నాళ్లు వాయించాలి! వాడు ఏం చేస్తాడో మాకు తెలుసు. పొద్దున రాసింది మధ్యాహ్నం కొట్టేస్తాడు. "గుర్తు వుందని గట్టిగా కొట్టకండి సార్, అక్కడ మీ ఊపిరి చూసుకోండి" అంటాడు. టేక్ ముందు రెండు బార్లు తీసేస్తాడు. కాగితం అనేది ఒక మనిషి ఇంకో మనిషికి రాసిన ఉత్తరం అని అప్పుడు అర్థమవుతుంది. బూలెజ్ అంతటివాడు తన రచనల్ని ఏళ్ల తరబడి తిరగరాస్తూనే వుండేవాడు. అలాంటివాడి ఎదురుగా పదకొండేళ్లు కూర్చున్న కేరాస్ బాఖ్ దగ్గరికి వెళ్తే, చచ్చిపోయిన మహానుభావుడి పటం ముందు నిలబడినట్టు వుండదు. పక్కగదిలో వున్న మాస్టారిని కేకేసి "ఇక్కడ కమాను తిప్పమంటారా?" అని అడిగినట్టు వుంటుంది.

తిరగేసి చూడండి, అదీ నిజమే. పేగుతీగ మీద ఒక్కో స్వరం ఎలా పుడుతుందో, ఎలా చస్తుందో శ్రద్ధగా విన్న చేతికే లిగెటి ఎనిమిది "పి"లూ అందుతాయి. పాత కమాను కొన దగ్గర బలం వుండదు, స్వరం దానంతటదే సన్నగిల్లుతుంది. ఆ సన్నగిల్లడంలో అందం చూడ్డం వచ్చినవాడికి శూన్యంలోంచి స్వరం తియ్యడం కొత్తేమీ కాదు.

దీన్ని ఆయన కచేరీలోనే చేసి చూపించారు. ఆరుగురు సంగీతకర్తలని అడిగి, ఆరు సూట్లకి ఆరు కొత్త రచనలు రాయించుకున్నారు. హంగరీ నుంచి కుర్తాగ్, ఇంగ్లండు నుంచి జొనాథన్ హార్వీ, ఫ్రాన్స్ నుంచి గిల్బెర్ అమీ, ఇటలీ నుంచి ఇవాన్ ఫెదెలె, జపాన్ నుంచి ఇచిరో నొదైరా, మిసాతో మొచిజుకి. "ఆరు సూట్లు, ఆరు ప్రతిధ్వనులు" అని పేరు. ముందు కొత్తది వాయిస్తారు, వెంటనే బాఖ్ సూట్. మామూలుగా ప్రతిధ్వని తర్వాత వస్తుంది. ఇక్కడ ముందొచ్చింది! కొత్తదాని వెనక విన్న పాతది, ఇప్పుడే రాసినట్టు వినపడుతుంది.

నాట్యాలన్నాను కదా, వాటిని నిజంగానే ఆడించారు. 2017లో బెల్జియం నృత్య దర్శకురాలు ఆన్ తెరెసా డి కీర్స్‌మాకర్ ఆరు సూట్లకీ నృత్యం కూర్చింది. కేరాస్ వేదిక మీదే కూర్చుని ఆరూ వాయిస్తారు. పిట్‌లో దాక్కోవడం లేదు. సూట్ మారినప్పుడల్లా ఆయన కూర్చునే చోటూ మారుతుంది. ఎవరి వెనకా లేని సెల్లో! స్క్రీన్ వెనక గదిలో జీవితం గడిపిన నాలాంటివాడికి ఆ ఊహే చాలు, వారం రోజులు హాయిగా నిద్రపట్టడానికి. ఆ తర్వాత 2023లో ఆరు సూట్లూ మళ్లీ మొదట్నుంచి రికార్డు చేశారు. మరుసటేడు విడుదలయ్యాయి. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. పదహారేళ్లలో ఒక మనిషి అదే ఉత్తరాన్ని రెండోసారి ఎలా చదువుకున్నాడో తెలుస్తుంది.

మన సినిమా వాళ్లకి బాఖ్ పరాయివాడేం కాదు. 1986లో ఇళయరాజా "హౌ టు నేమ్ ఇట్" అనే కాసెట్టు చేసి త్యాగరాజస్వామికీ బాఖ్‌కీ కలిపి అంకితం ఇచ్చారు. అక్కడి సినిమాల్లో సరేసరి. బెర్గ్‌మన్ "త్రూ ఎ గ్లాస్ డార్క్‌లీ" (1961)లో వినిపించేది రెండో సూట్‌లోని సారబాండ్. కొత్తగా వినేవాళ్లు మొదటి సూట్ ప్రెలూడ్‌తో మొదలుపెట్టండి. లిగెటి మాత్రం రాత్రి పదకొండు దాటాక, ఫ్యాను కూడా ఆపి వినాలి!

ఇక కుర్రాడి సంగతి.

కేరాస్‌ని విన్న తర్వాత నేను పెట్టె తెరిచాను. ఊరికే తుడవడానికి కాదు, వాయించడానికి. పొద్దున్నే రెండు గంటలు. ఆ చప్పుడు విని మా వీధి కుర్రాడొకడు గుమ్మం దగ్గర నిలబడేవాడు. అప్పుడు పదేళ్లుంటాయి. నేర్చుకుంటానన్నాడు. కొన్నేళ్లు నా సెల్లో మీదే నేర్చుకున్నాడు. తర్వాత తండ్రి అప్పు చేసి వాడికో సెల్లో కొనిపెట్టాడు. ఇంజనీరింగులో చేరాడు. చేరిన మూడు నెలలకి ఒకనాడు వచ్చి పాఠానికి కూర్చోకుండా నిలబడ్డాడు.

"మాస్టారూ, ఒక మాట. కంప్యూటర్లో ఇరవై రకాల సెల్లోలున్నాయి. ఏది నొక్కితే అది పలుకుతుంది. నేను వాయించడం దేనికండీ?"

నేను జవాబు చెప్పేలోపు ఇంకోటి అన్నాడు. "నాన్న దీన్ని అమ్మేస్తానంటున్నారు. ఫీజుకి పనికొస్తుందని."

ఏమని చెప్పను? వాడు అడిగినదాంట్లో తప్పేముంది? పారిస్ బృందానికి ప్రభుత్వం డబ్బిచ్చి పోషించింది. కొత్త సంగీతం వాయిస్తే నెల జీతం వచ్చింది. ఇక్కడ అలాంటిది లేదు. ఆ సంగతి దాచిపెట్టి "కళామతల్లి సేవ చెయ్యరా" అంటే అది మోసం. వాడి నాన్న ఆటో స్పేర్ పార్టుల కొట్లో గుమాస్తా. నెల తిరిగేసరికి లెక్క సరిపోవాలి.

అందుకని సేవ మాట ఎత్తలేదు. కంప్యూటర్ మాటే ఎత్తాను. "ఒరేయ్, అందులో వున్న ఇరవై సెల్లోలూ ఎవరో మనిషి ఒకప్పుడు కూర్చుని వాయించి పెట్టినవే. అతను వాయించినవి వున్నాయి. అతను వాయించనివి లేవు. నీకు కావలసింది అందులో వుంటే హాయిగా అమ్మెయ్యి. లేనిదేదైనా నీ దగ్గరుంటే చెప్పు. మూడు వారాలు గడువు. మొదటి సూట్‌లో మెనుయెట్ నీకు వచ్చుగా, దానికి ముందు వాయించడానికి పన్నెండు బార్లు నువ్వు రాసుకురా. ఆ ఫ్రెంచాయన అలాగే చేశాడు."

మొదటి వారం తెచ్చింది ఒక సినిమా బిట్. నేను మొదటి నాలుగు స్వరాలకే సినిమా పేరు, హీరోయిన్ పేరు కూడా చెప్పాను. సిగ్గుపడి తీసుకుపోయాడు. రెండో వారం రాలేదు. మూడో ఆదివారం తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. సెల్లో కొంటానన్న మనిషి సాయంత్రం వస్తాడట. ఆయన హెల్మెట్టు ఒళ్లో పెట్టుకుని, లేవడానికి సిద్ధంగా కుర్చీ అంచున కూర్చున్నాడు.

కుర్రాడు కమాను తీసుకున్నాడు. మందపు తీగ మీద, వినిపించీ వినిపించనట్టు ఒకే స్వరం. చాలాసేపు అదే. ఫ్యాను చప్పుడులో కలిసిపోయింది. తర్వాత దాని మీద టక్, టటక్, టక్ అని కమాను పుల్లతో తీగని కొట్టడం మొదలుపెట్టాడు. అదేమిటో ముందు నాకు తెలియలేదు. వాళ్ల నాన్నకి తెలిసింది. చటుక్కున తలెత్తాడు. కొట్లో పొద్దున్నే షట్టరు ఎత్తేటప్పుడు వచ్చే చప్పుడట అది. ఆ దరువు మెల్లమెల్లగా మూడు దెబ్బల నడకలోకి జారింది, జారి ఎక్కడా ఆగకుండా బాఖ్ మెనుయెట్ అయి కూర్చుంది. ఒకచోట శ్రుతి తప్పింది, రెండుచోట్ల కమాను కీచుమంది. పన్నెండు బార్లన్నాను, పదిహేడు రాశాడు. అవన్నీ తర్వాత చూసుకోవచ్చు.

మెనుయెట్ అయిపోయాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆయనే అడిగాడు.

"ఇది ఏ సినిమాలోదండీ మాస్టారూ?"

"వెనకది బాఖ్ అని ఒక జర్మనీ ఆయనది. ముందుది ఏ సినిమాలోదీ కాదు. మీవాడిది."

"మావాడిదా?" అన్నాడు. కొడుకు వంక చూడలేదు. హెల్మెట్టు బెల్టు విప్పి, పెట్టి, మళ్లీ విప్పాడు. అప్పుడు కుర్చీలో కాస్త వెనక్కి జరిగి సర్దుకుని కూర్చున్నాడు. "మళ్లీ ఓసారి వాయించమనండి. షట్టరు దగ్గర్నుంచి."

వాడు మళ్లీ వాయించాడు. ఈసారి శ్రుతి తప్పలేదు. ఆయన జేబులోంచి ఫోను తీసి, బయటికి నడిచి, వరండాలో నిలబడి సాయంత్రం వస్తానన్న మనిషికి వద్దని చెప్పడం మాకిద్దరికీ వినిపించింది. లోపలికొచ్చి, "ఈ సెమిస్టరు ఎలాగో చూస్తాను. వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది" అన్నాడు.

సరే అన్నాను. అంతకన్నా ఎక్కువ అడగడానికి నాకేం హక్కుంది? కుర్రాడు మాత్రం కమానుకి రోజిన్ రాసుకుంటూ, రెండో సూట్‌కి ఎన్ని బార్లు రాయాలని అడుగుతున్నాడు.